ఎవరూ చూడని అల

2014 నవంబరులో లండన్ నేషనల్ గ్యాలరీ పెడర్ బాల్కె అనే నార్వే చిత్రకారుడి బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. 1804లో పుట్టి 1887లో పోయిన మనిషి. నార్వే ఉత్తరపు కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నార్త్ కేప్ కొండకొమ్మునూ, అక్కడి తీరాన్నీ, తుపాన్లనూ మళ్లీ మళ్లీ గీశాడు. పోయేనాటికి ఆయన్ని చిత్రకారుడిగా తలుచుకునేవాళ్లు దాదాపు లేరు. 1914లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, జరిగిన పెద్ద ప్రదర్శనలో మళ్లీ కొందరి కంట పడ్డాడు. లండన్‌లో ఇంత గౌరవం దక్కడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఇలాంటప్పుడు 'ఇన్నాళ్లకు ఆయనకు న్యాయం జరిగింది' అనడం మనకు అలవాటు. ఎవరికి జరిగినట్టు? పోయినవాడికి తెలియదు. పోనీ బొమ్మకా అంటే, 1913లో అది ఎంత బాగుందో 1915లోనూ అంతే బాగుంది. పని విలువ పని జరిగిన చోటే తేలిపోతుంది. ప్రదర్శన వల్ల బాగుపడేది చూసే మనమే. నా వాదన ఇంతే.

ఆయన బతుకే దీనికి సాక్ష్యం. 1832లో బాల్కె ఆ ఉత్తర తీరానికి ప్రయాణం కట్టాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలపాటు గీసినవాటిలో చాలావరకు ఆ ఒక్క ప్రయాణపు జ్ఞాపకాలే. 1840లలో పారిస్‌లో అదృష్టం తలుపు తట్టింది. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కుర్రతనంలో, ప్రవాసంలో ఉండగా, నార్త్ కేప్ దాకా వెళ్లినవాడు. ఆ చోటు బొమ్మలు గీసిపెట్టమని బాల్కెను అడిగాడు. 1848 విప్లవం రాజును గద్దె దించింది, ఆ పనీ అక్కడితో ఆగింది. స్వదేశం చేరాక చిత్రకళ వృత్తిగా నిలబడలేదు. క్రిస్టియానియా శివార్లలో భూమి కొని, కార్మికుల ఇళ్ల కోసం ఒక పేట వేశాడు. అమ్మకం ఆశ వదులుకున్నాక కూడా బొమ్మలు మాత్రం మానలేదు, చిన్నచిన్నవి తన కోసమే గీసుకున్నాడు. విచిత్రమేమిటంటే, నేటి విమర్శకులు ఎక్కువగా మెచ్చుకుంటున్నది వీటినే.

వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. 1862 ప్రాంతంలో గీసిన 'తుపాను' అనే ఆ బొమ్మ పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దదంతే. దాదాపుగా నలుపూ తెలుపే. ఈ చిన్న బొమ్మల్లో ఆయన పద్ధతేమిటంటే, తెల్లటి పూత మీద నల్లరంగును పలచగా పరిచి, తడి ఆరకముందే అక్కడక్కడ తుడిచేయడం. తుడిచిన చోట అడుగున ఉన్న తెలుపు బయటపడి నురగ అవుతుంది. అంటే అక్కడ అల అనేది వేసిన రంగు కాదు, తీసేసిన రంగు. కొనేవాడు లేడు, మెచ్చే రాజు లేడు, చెయ్యి మాత్రం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. ఫలం మీద ఆశ వదిలి పని చెయ్యమన్న గీత, పనిని నేర్పుగా చెయ్యడమే యోగమని కూడా అంది. మొదటిమాట పట్టుకుని రెండోది వదిలేస్తే నిష్కామం కాస్తా నిర్లక్ష్యంగా మారుతుంది. ఇక్కడ ఆ రెండూ ఒకేచోట కనిపిస్తాయి.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో శతాబ్దాలు మరుగున ఉండి ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. కానీ ఆ పాటలకు వినేవాడు మొదటినుంచీ ఉన్నాడు. అవి ఆ గుడి దేవుణ్ని ఉద్దేశించినవే. సాక్షి ఉన్న పనికి లోకం మరచినా లోటు లేదు. ఏ సాక్షీ లేకుండా గీసిన అలకు విలువెక్కడిది? ఆ మాటకొస్తే గీసేవాడే తొలి సాక్షి. ఈ గీత నిలిచింది, ఇది చెడింది అని తుడిచేటప్పుడే తేల్చుకున్నాడు. ఆ తీర్పు తప్పయి ఉండొచ్చు. మరుగున పడిన ప్రతి బొమ్మా గొప్పదని నేననడం లేదు. కానీ తప్పు కావడానికైనా ఒప్పు కావడానికైనా ఆధారం బొమ్మలోనే ఉంది. చూసేవాడు దాన్ని కనిపెడతాడే తప్ప కల్పించడు.

కళాకారుడికి ఆదరణ అక్కర్లేదని దీనర్థమా అని ఇంకొకరు అడుగుతారు. పొట్ట గడవని చోట నిష్కామం గురించి ఉపన్యాసం ఇవ్వడం క్రూరత్వం. ఈ సంగతి బాల్కెకు బాగా తెలుసు. వృద్ధులకు పింఛన్లు, కళాకారులకు సాయం కావాలని పోరాడినవాడాయన. పనికి కూలి వేరు, పనికి విలువ వేరు. కూలి ఎగ్గొట్టడం అన్యాయం. పనివాడు పోయాక ఎంత పెద్ద ప్రదర్శన పెట్టినా ఆ బాకీ తీరదు.

ప్రదర్శనలు వద్దని కాదు, వాటి వల్ల లాభపడేది ఎవరో ఒప్పుకుంటే చాలు. బాల్కె బయటపడ్డాడు కాబట్టి ఆయన పేరు తెలిసింది. బయటపడనివాళ్లు ఎంతమందో లెక్క లేదు. మనకు తెలియనంత మాత్రాన వాళ్ల పని సగంలో ఆగినట్టు కాదు. ఆ తుపాను కూడా లండన్ గోడ మీదికి ఎక్కి పూర్తి కాలేదు. తడిరంగు మీద నుంచి ఆయన చెయ్యి తీసిన క్షణానే పూర్తయింది.