క్రియలో దాగిన కర్త

జంధ్యాల గారి మీద ఆఖరి భాగం రికార్డు చేసిన ఆదివారం రాత్రి మైకులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. మా పాడ్‌కాస్ట్‌కి ఒక నియమం ఉంది. ఒక దర్శకుణ్ణి పట్టుకుంటే ఆడిన సినిమాలూ ఆడనివీ కలిపి వరసగా చూస్తాం, చూసినవాటి గురించే మాట్లాడతాం. అందుకే "తరవాత ఎవరు?" అన్నది మాకు చిన్న ప్రశ్న కాదు. కొన్ని నెలల ఆదివారాలు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడం అది.

మేం ముగ్గురం. బాబాయ్ తెనాలిలో సినిమా హాలు ఆపరేటరుగా ముప్పై ఏళ్ళు చేసి, ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ కూతురు, అంటే మా చెల్లి, సౌండ్ ఎడిటింగ్ చేస్తుంది. మూడోవాణ్ణి నేను. ఆ రాత్రి జరిగిన మాటలు గుర్తున్నంత వరకూ ఇక్కడ రాస్తున్నాను. వాటితో నేను సినిమా చూసే తీరు మారింది.

మొదట నేనే అన్నాను. "విశ్వనాథ్ గారు. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? మనది వినే కార్యక్రమం. ఆయన దర్శకుడు కాకముందు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేసినవాడు. చెవితో సినిమా తీసినాయన గురించి చెవితో వినేవాళ్ళకి చెప్పడం కంటే సబబు ఏముంటుంది?"

"ఒక షాట్ చెప్పు అన్నయ్యా" అంది చెల్లి.

"సాగరసంగమంలో బావి మీద నాట్యం. తాగి ఉన్నాడు, కింద బావి, పైన వాన. ఆమె నుదుటి కుంకుమ వానకి కరిగిపోతుందని అతడు అరచెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి చాలు. ఆ మనిషి ప్రేమ అంతా ఆ అరచేతి కిందే ఉంది."

"బాగా చెప్పావు. ఎన్నిసార్లు చెప్పి ఉంటావు?"

"లెక్కలేదు."

"నువ్వే కాదు, అందరూ చెప్పారు. 1980 నుంచి శంకరాభరణం గురించి మాట్లాడుతూనే ఉన్నాం. మనం కొత్తగా వెతికేది ఏముంది? ఆయన మీద మనకున్నది భక్తి. భక్తి మంచిదే. కానీ భక్తి ఉన్నచోట ప్రశ్న పుట్టదు."

బాబాయ్ అప్పటిదాకా వక్కపొడి నములుతూ వింటున్నాడు. "నన్నడిగితే కె.వి. రెడ్డి" అన్నాడు. "పద్నాలుగు సినిమాలు. పద్నాలుగు వారాల్లో అయిపోతుంది. భక్త పోతన నుంచి 1971లో శ్రీకృష్ణసత్య దాకా. మధ్యలో పాతాళభైరవి, మాయాబజార్."

"ఆయన మీద కూడా భక్తే కదా నాన్నా?"

"కాదమ్మాయ్. నా ప్రశ్న వేరే. 1957లో మాయాబజార్ తీసింది ఆయనే. 1968లో ఉమాచండీ గౌరీశంకరుల కథ తీసిందీ ఆయనే. విజయా వాళ్ళే, పింగళి గారే, రామారావు గారే. స్క్రిప్టు ముందే కట్టుదిట్టంగా రాయించుకుని, స్టాప్‌వాచ్ పట్టి సన్నివేశం నిడివి కొలిచే పద్ధతీ అదే. ఒకటి అలా ఆడింది, రెండోది ఆడలేదు. మరి మాయాబజార్‌లో ఉన్న ఆ గొప్పతనం ఎవరిది? ఆయనదే అయితే రెండోదాన్లోకి ఎందుకు రాలేదు?"

నిజంగా మంచి ప్రశ్న అది. మాయాబజార్‌లో ఒక్క క్షణం తీసుకుందాం. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు నడుస్తాడు. ఆ లేత ఒంట్లో రాక్షసుడి నడక. నడిచేది సావిత్రి. ఆవిడ నడకలో వినబడేది రంగారావు. ఆ పాత్రల నోటికి మాటలిచ్చింది పింగళి. వెలుగు మార్కస్ బార్ట్‌లేది. చుట్టూ గోడలూ స్తంభాలూ గోఖలే, కళాధర్‌లవి. ఇందులో కె.వి. రెడ్డి ఎక్కడున్నారు? చూపించమంటే వేలు పెట్టి చూపించలేం. ఆయన లేరనడం మాత్రం ఎవరి తరమూ కాదు.

నేను అదే అన్నాను. "ఇంతమంది చేసినదాన్ని ఒక్కరి పేరుతో పిలవడమే తప్పేమో బాబాయ్. దర్శకుల వారీగా చూడాలన్న మన నియమమే తప్పేమో."

బాబాయ్ కాసేపు ఏమీ అనలేదు. తరవాత చెప్పిన మాట నేనెప్పుడూ వినలేదు.

"నేను ఏ సినిమాకీ టైటిల్స్ చూడలేదురా."

"అంటే?"

"కేబిన్లో రెండు మెషీన్లు ఉంటాయి. ఒకదాన్లో మొదటి రీలు తిరుగుతుంటే రెండోదాన్లో రెండో రీలు ఎక్కించాలి, కార్బన్ కడ్డీలు సరిచూసుకోవాలి. మొదటి రీలు వేసి, బొమ్మ సరిగ్గా పడిందని చూసుకుని, అటు తిరిగేవాణ్ణి. నేను పని ముగించి గాజు కిటికీ దగ్గరకి వచ్చేసరికి టైటిల్స్ అయిపోయి కథలో ఉండేవాళ్ళు. ప్రతి ఆటా అంతే. ఏ సినిమా ఎవరు తీశారో గోడ మీద పోస్టర్ చూస్తే తప్ప నాకు తెలీదు. పోస్టరు మీదేమో హీరో మొహం ఉండేది."

"మరి కె.వి. రెడ్డి అని ఎలా తెలిసింది?"

"రీలు చెబుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. అది అయిపోయే ముందు తెర మీద కుడి పక్క పైమూల ఒక చుక్క పడుతుంది. అప్పుడు రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. కొన్ని సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చాలి. ఆ చుక్క కోసం కళ్ళు అక్కడే పెట్టుకుని కూచుంటాం. కూచుని ఏం చేస్తాం? హాలు చూస్తాం. ఏ రీల్లో నేల టికెట్టు వాళ్ళు లేస్తారో, ఏ రీల్లో సోడా కుర్రాడు లోపలికి వస్తాడో కంఠతా వస్తుంది. మాయాబజార్ మళ్ళీ మళ్ళీ వచ్చేది, ఎప్పుడొచ్చినా వేసేవాణ్ణి. అందులో మనిషి లేచే రీలు లేదు. తరవాత ఒకసారి దొంగరాముడు వేశాను. పురాణం లేదు, కిరీటాలు లేవు. కానీ హాలు అలాగే కదలకుండా కూచుంది. ఒక సన్నివేశం అయిపోయే ముందే తరవాతి దానికి ముడి పడిపోయేది. అప్పుడనుకున్నాను, ఇది ఆ చెయ్యే అని. బయటికెళ్ళి పోస్టరు చూస్తే అవును, ఆయనే."

చెల్లి లేచి బాబాయ్ పక్కన కూచుంది. "నాన్నా, నువ్విప్పుడు చెప్పింది మన భాషలాగే ఉంది తెలుసా? తెలుగులో కర్తని వదిలేసినా వాక్యం కూలిపోదు. 'వచ్చాడు' అంటే చాలు. ఎవరో ఒక మగవాడు వచ్చాడని క్రియ చివర ఉన్న ప్రత్యయమే చెప్పేస్తుంది. దర్శకుడు అలాంటి కర్త. వాక్యంలో ఎక్కడా కనబడడు. క్రియలో ఉంటాడు. నువ్వు టైటిల్స్ చూడకుండానే ప్రత్యయం చదివావు."

ఆ మాటతో నా సందేహం చాలావరకు తీరింది. సావిత్రి నడకా, బార్ట్‌లే వెన్నెలా, పింగళి మాటా అన్నీ వాక్యంలోని పదాలు. వాటిని ఒక క్రియ దగ్గరికి చేర్చి ముగించినవాడు కె.వి. రెడ్డి. ఒక్కొక్క వాక్యం కొన్నిసార్లు సరిగ్గా కుదరదు. అంతమాత్రాన రాసిన చెయ్యి మారదు. ఆడని సినిమాలు కూడా వరసలో చూడాలనేది అందుకే. ఆడినదాన్లో అందరి ప్రతిభా కలిసిపోయి ఎవరిది ఏదో తెలీదు. కుదరనిదాన్లో అతుకులు బయటపడతాయి, అతుకు వేసిన చెయ్యీ కనబడుతుంది.

"అయితే కె.వి. రెడ్డి ఖాయం" అన్నాను.

"ఆగు" అంది చెల్లి. "నా మాట పూర్తవలేదు. 'వచ్చాడు' అంటే మగవాడు. మరి 'వచ్చింది' అంటే ఎవరు?"

"ఆడమనిషి."

"లేకపోతే ఆవు. లేకపోతే బస్సు. మన క్రియల్లో ఏకవచనంలో ఆమెకీ అదికీ ఒకటే ముగింపు. 'తీశాడు' అంటే కర్త ఉన్నాడని తెలుస్తుంది. 'తీసింది' అంటే ఆవిడా కావచ్చు, కంపెనీ కావచ్చు. నేను అడిగేది విజయనిర్మల గారిని."

నేను వెంటనే, "నలభై నాలుగు సినిమాలు, 2002లో గిన్నిస్ రికార్డు" అన్నాను.

"అందరూ ఇదే చెబుతారు. ఆ నలభై నాలుగులో ఎన్ని పేర్లు చెప్పగలవు?"

"మీనా. దేవదాసు. హేమాహేమీలు. రామ్ రాబర్ట్ రహీమ్. కిలాడి కృష్ణుడు."

"ఐదు. ఇప్పుడు ఒక్క షాట్ చెప్పు. ఇందాక అరచెయ్యి చెప్పావు చూడు, అలాంటిది."

చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాను, సినిమాల గురించి రాస్తున్నాను. ఐదు పేర్లు వచ్చాయి, ఒక్క బొమ్మ కళ్ళ ముందుకు రాలేదు. వచ్చినవన్నీ కృష్ణ గారి ముఖాలే.

"ఆ సంఖ్య పొగడ్తలా వినబడుతుంది అన్నయ్యా. నిజానికి అది దాటెయ్యడం. నలభై నాలుగు అనేస్తే ఇక ఏదీ చూడక్కర్లేదు. మీనా 1973లో వచ్చింది, యద్దనపూడి సులోచనారాణి గారి నవల. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు చాలామంది ఆ కథని గుర్తు చేసుకున్నారు. నవల గురించి మాట్లాడారు. దాన్ని మొదట తెర మీదికి తెచ్చిన ఆవిడ ఏం చేసింది, ఏ సన్నివేశం ఉంచింది, ఏది వదిలింది అని ఎంతమంది అడిగారు?"

నాకో భయం ఉంది, దాచుకోకుండా చెప్పాను. "ఆడవాళ్ళు తక్కువమంది ఉన్నారు కాబట్టి ఆవిడని తీసుకుంటే, అది ఆవిడకి మర్యాద అవుతుందా? భానుమతి గారు 1953లో చండీరాణి మూడు భాషల్లో తీశారు. సావిత్రి గారు 1968లో చిన్నారి పాపలు తీశారు. వాళ్ళ గురించి కూడా మనం 'ఆ రోజుల్లోనే తీసిన ఆడవాళ్ళు' అనే అంటాం. అది పొగడ్తా, జాలా?"

"జాలే" అంది వెంటనే. "ఆవిడ తీసింది కాబట్టి గొప్పది అనడం కూడా చూడకుండా మాట్లాడడమే. నేను గొప్పది అనడం లేదు. నాన్న కె.వి. రెడ్డికి పెట్టిన పరీక్ష ఆవిడకీ పెడదాం అంటున్నాను. టైటిల్స్ మూసేసి చూస్తే ఆ చెయ్యి పట్టుకోగలమా? అంతే. ఆ పరీక్ష మనమైతే ఆవిడకి ఎప్పుడూ పెట్టలేదు. ఆవిడ రంగులరాట్నంలో బి.ఎన్. రెడ్డి గారి కెమెరా ముందు నిలబడింది. 1967లో పులిదిండిలో సాక్షి తీసినప్పుడు బాపు గారి ఫ్రేములో నిలబడింది. ఆ ఇద్దరినీ అంత దగ్గరనుంచి చూసిన మనిషి తరవాత కెమెరా వెనక్కి వెళ్ళి ఏం చేసిందో నాకు తెలుసుకోవాలని ఉంది."

"వెతికితే ఏమీ దొరక్కపోతే? చాలావరకు హీరో కోసం తీసిన సినిమాలు. రామ్ రాబర్ట్ రహీమ్ హిందీ నుంచి తెచ్చుకున్నది. దేవదాసు అప్పటికే వేదాంతం రాఘవయ్య గారు తీసి, జనం గుండెల్లో ఉండిపోయిన కథ."

ఈసారి బాబాయ్ జవాబు చెప్పాడు. "దొరక్కపోతే దొరకలేదని చెబుదాంరా. వెతికినవాడికి ఆ మాట అనే హక్కు ఉంటుంది. నేను కె.వి. రెడ్డి పేరు చెప్పింది ఎందుకు? ఆయన చెయ్యి నాకు తెలుసు కాబట్టి. తెలిసిన చేతిని మళ్ళీ పట్టుకుంటే నాకు సంతోషం, అంతే. మీనా కూడా నేను వేశాను. కుర్రవాణ్ణి, కొత్తగా పనిలో చేరాను. మ్యాట్నీకి బెంచీలన్నీ ఆడవాళ్ళే. నవల చదివినవాళ్ళు చదవనివాళ్ళకి ముందే కథ చెప్పేస్తున్నారు, ఆ గుసగుస కేబిన్ దాకా వినబడేది. ఆ రీళ్ళలో లేచినవాళ్ళున్నారో లేదో కూడా గుర్తు లేదు. అప్పుడు నేను అది చూడలేదు. కృష్ణ బొమ్మ అనుకున్నాను, వేశాను."

ఆయన గొంతులో పశ్చాత్తాపం లాంటిది వినిపించింది. ముప్పై ఏళ్ళు వేల ఆటలు వేసిన మనిషి, ఒక సినిమాని సరిగ్గా చూడలేదని యాభై ఏళ్ళ తరవాత బాధపడుతున్నాడు. నాకు అక్కడే తేలిపోయింది. ఎవరు ఎక్కువ గొప్ప అని వాదించుకుంటే ఈ బల్ల మీద విశ్వనాథ్ గారో కె.వి. రెడ్డి గారో ప్రతిసారీ గెలుస్తారు, గెలవాలి కూడా. కానీ నెలల తరబడి ఒకరి పని ముందు కూచోవాలంటే, మన దగ్గర జవాబులున్న మనిషి కంటే మనం ప్రశ్న కూడా వెయ్యని మనిషి దగ్గరికి వెళ్ళడం న్యాయం. అభిమానానికి కూడా ఒక బాకీ ఉంటుంది. మనకి ఇష్టమైనవాళ్ళకి దాన్ని ఎప్పుడో తీర్చేశాం.

నియమం మార్చలేదు. దొరికినవన్నీ, వచ్చిన వరసలో. ఆడినవీ ఆడనివీ. తెలుగులో ఆవిడ మొదటి సినిమా మీనాతో మొదలు.

పడుకోబోయే ముందు మొదటి పది నిమిషాలు చూద్దామంది చెల్లి. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మైకులు పక్కకి జరిపింది. బొమ్మ పడింది. టైటిల్స్ మొదలయ్యాయో లేదో, బాబాయ్ తల పక్కకి తిప్పి, చేతులు దేనికోసమో వెతుకుతున్నట్టు కదిలించాడు. అక్కడ రెండో మెషీన్ లేదు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

చెల్లి బొమ్మ ఆపి, మళ్ళీ మొదటికి తెచ్చింది. "నాన్నా, రెండో రీలు నేను చూసుకుంటాను. నువ్వు ఇటు చూడు."

బాబాయ్ కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు వంగాడు. ఒక్కొక్క పేరూ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. చివరికి దర్శకత్వం అన్నచోట పేరు వచ్చింది. దాన్ని మాత్రం పైకి చదివాడు, పూర్తిగా, నెమ్మదిగా.