మెలిస్సా అడిగిన వేషం

అలెక్స్ జీనో రాసిన అమెరికా పిల్లల నవల ‘మెలిస్సా’. 2015లో మొదట ‘జార్జ్’ పేరుతో వచ్చింది. కథలో మెలిస్సా నాలుగో తరగతి బిడ్డ. లోకం అబ్బాయి అంటుంది. తను అమ్మాయినని ఆమెకు తెలుసు. బడి నాటకంలో షార్లెట్ అనే సాలీడు వేషం కావాలంటుంది. అడిగింది అంతే. పసివాళ్లకు ఇవన్నీ ఎందుకని కొందరు పెద్దల అభ్యంతరం. గ్రంథాలయాల్లోంచి తీసేయమని గట్టిగానే అడిగారు. పిల్లల మీద బెంగతోనే అడిగి ఉంటారు, కాదనను. కానీ ఇది ప్రేమాయణం కాదు. ఇందులో ఉన్నది, తనను తాను దాచుకునే బిడ్డ భయం. ఆ భయాన్ని పుస్తకం పుట్టించదు. థర్మామీటరు జ్వరం తెప్పిస్తుందా? పుస్తకమూ అంతే, భయాన్ని పుట్టించదు, చూపిస్తుంది. పెద్దలు చదవాల్సింది అందుకే. ఇందులో తల్లి చెడ్డది కాదు, టీచరూ కాదు. వాళ్లకు అర్థం కాలేదు, అంతే. టీచరు కాదన్న ఆ వేషాన్ని చివరికి స్నేహితురాలు కెల్లీ ఇస్తుంది, తన వంతు వదులుకుని.