బుజ్జికి, యకుషిమా వెళ్లే ముందు



నీ ప్రయాణం వివరాల కాగితం మీ అమ్మ నాకు చూపించింది. జపాన్‌లో అన్నిటికీ రోజులు దొరికాయిగానీ యకుషిమాకి రెండు రాత్రులే మిగిలాయి. మొదటి రోజు మధ్యాహ్నం కగోషిమా నుంచి వచ్చి పడవ దిగడం, రెండో రోజు జోమొన్ సుగి చెట్టు, మూడో రోజు పొద్దున్నే తిరుగు పడవ. వానొస్తే ఏం చేస్తావురా అని మీ అమ్మ అడిగితే, "తడుస్తాను, అంతేగా" అన్నావట. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

అక్కడి వాన సంగతి నీకు తెలియదు. క్యూషూ దక్షిణపు కొసకి అరవై కిలోమీటర్ల అవతల, సముద్రంలోంచి నిటారుగా లేచిన గ్రానైట్ కొండల దీవి అది. చుట్టుకొలత 130 కిలోమీటర్లు. నడుమనున్న మియనొఉరా శిఖరం ఎత్తు 1,936 మీటర్లు. సముద్రం మీదినుంచి వచ్చే తడిగాలి ఆ కొండలకి తగిలి పైకి లేచి, ఉన్నదంతా అక్కడే కుమ్మరించేస్తుంది. ఒడ్డున ఉన్న ఊళ్లలోనే ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైన పడుతుంది. కొండల మీద దానికి రెట్టింపు. మన హైదరాబాదులో 800 పడితే మంచి వానలనుకుంటాం. నెలకి ముప్పై అయిదు రోజులు వాన అని ఆ దీవివాళ్లు చెప్పుకుంటారు.

నువ్వు చూడాలనుకుంటున్న చెట్టుని నిలబెట్టిందీ ఆ నేలా ఆ వానే. గ్రానైట్ మీద మట్టి పలచన, సారం తక్కువ. సుగి జాతి చెట్టు అక్కడ చాలా నిదానంగా ఎదుగుతుంది. వలయాలు ఒత్తుగా పడతాయి, కొయ్యలో రెసిన్ ఎక్కువ చేరుతుంది. అందుకే అంత తడిలోనూ కుళ్లదు. వందల ఏళ్ల కిందట నరికేసిన మొద్దులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, వాటి మీద నాచు, ఆ నాచులో కొత్త మొక్కలు. వెయ్యేళ్లు దాటితేనే అక్కడ దాన్ని యకుసుగి అంటారు. జోమొన్ సుగి వయసు రెండు వేల ఏళ్ల పైనుంచి ఏడు వేల దాకా రకరకాలుగా అంచనా కట్టారు. మొదలు చుట్టుకొలత 16 మీటర్లకి పైనే. సత్సుమా ప్రభువుల కాలంలో దీవివాళ్లు పన్ను కింద ఇంటికప్పు పలకలు చీల్చి కట్టేవాళ్లు. తిన్నగా చీలే చెట్లన్నీ గొడ్డలికి పోయాయి. ముడులుపడి వంకర తిరిగినవి పలకలకి పనికిరాక మిగిలిపోయాయి. ఆ చెట్టూ అలా మిగిలిందేనంటారు.

ఇంత చెబుతున్నాను గానీ, నేను జోమొన్ సుగిని చూడలేదు. మా హాల్లో ఉన్న ఫొటో కిగెన్ సుగి అనే వేరే చెట్టుది. అక్క ఫుకుఓకాలో ఉన్నప్పుడు జోమొన్ సుగి చూపించడానికి నన్ను తీసుకెళ్లింది. తెల్లవారకముందే అరకవా దగ్గర బస్సు దిగి, పాత కలప బళ్ల పట్టాల మీదుగా నడిచాం. దారిలో కొసుగిదాని అనే ఊరి ఆనవాళ్లున్నాయి. చెట్లు కొట్టేవాళ్ల ఊరు, 1960 ప్రాంతంలో అయిదొందల మందికి పైగా ఉండేవారట, పిల్లలకి బడి కూడా ఉండేది. 1970కి ఖాళీ అయిపోయింది. బడి ఆట స్థలం మీద ఇప్పుడు అడవి. మా గైడు, యాభై దాటిన ఆవిడ, అక్కడి వంతెన మీద ఆగింది. మాట్లాడలేదు. వంగి కింద నీళ్లకేసి చూస్తూ నిలబడింది. సన్నగా జల్లు పడుతోందంతే. తర్వాత మావైపు తిరిగి, వెనక్కి వెళ్దాం అంది. ఎందుకని అక్క అడిగింది. నేనడగలేదు. నీళ్ల రంగు మారడం నేనూ చూశాను.

బుజ్జీ, మీ మామయ్య సంగతి మన ఇంట్లో ఎవరూ పూర్తిగా మాట్లాడరు. వాడి పేరే నీకు పెట్టుకున్నాం కాబట్టి నీ ముందు అసలు మాట్లాడరు. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు. నాకు అప్పుడే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మీ అమ్మ ఎనిమిదో తరగతి. వాడికి ఇరవై. ఆదివారాలు వాడు నాకోసం అడవి మొక్కలు తెచ్చేవాడు, వేళ్లతో సహా, తడిగుడ్డలో చుట్టి. మేమిద్దరం పాత పేపర్ల మధ్య వాటిని సర్ది, మీద రుబ్బురోలు పొత్రం బరువు పెట్టేవాళ్లం. అమ్మ తిట్టేది. ఆ రోజు స్నేహితులతో మారేడుమిల్లి అవతలకి వెళ్లాడు. వాగు పొద్దున్న దాటినప్పుడు మోకాలి లోతు. సాయంత్రం బస్సు తప్పిపోతుందని తిరుగు దారిలో దిగారు.

దినకర్మలయ్యాక నేను ఆ ఒడ్డుకి వెళ్లాను. ఆ వేళ అక్కడున్న కొండరెడ్డి పెద్దాయన కనిపించాడు. "నీళ్లు ఎర్రబడ్డాయమ్మా, ఎండుటాకు గుట్టలుగా కొట్టుకొస్తోంది, పైన ఎక్కడో వాన పడింది, ఆగండి బాబూ అన్నాను. ఎండ కాస్తోంది కదా, నవ్వారు" అన్నాడు. అంతే. ఎండ కాస్తూనే ఉందట. మీ అమ్మ ఇప్పటికీ గోదావరి మీద బస్సు వెళ్తుంటే కళ్లు మూసుకుంటుంది, నువ్వు గమనించావో లేదో.

ఈ రోజుల్లో జనం ఊరు చూడడానికి వెళ్లినట్టుండదు, బాకీ వసూలుకి వెళ్లినట్టుంటుంది. డబ్బు కట్టాం కాబట్టి చెట్టు కనబడాలి, శిఖరం మీద మబ్బు తొలగాలి. విల్సన్ మొద్దు అని జోమొన్ సుగి దారిలో ఒకటుంది. 1914లో అక్కడికి వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విల్సన్ పేరది. లోపలంతా డొల్ల, అందులో ఊట, చిన్న గుడి. ఒక మూలన నిలబడి చూస్తే పైన తెరుచుకున్న ఖాళీ హృదయం ఆకారంలో కనిపిస్తుందని దాని ఫొటో కోసం వరస కడతారట. తీసుకోండి, ఎవరొద్దన్నారు. పక్కనున్న గుడికి ఒక్క దండం పెట్టరా?

ఆ దీవి ఊళ్లవాళ్లు కొండకెళ్లే పద్ధతి వేరు. వసంతంలోనూ శరత్తులోనూ తకెమైరి అని వెళ్తారు. ఊరి తరఫున కొందరు తమ తీరంలోని ఇసుక తీసుకెళ్లి శిఖరం మీది దేవుడికి సమర్పిస్తారు. చేపలు పడాలని, పంట పండాలని, ఊరు చల్లగా ఉండాలని మొక్కుతారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా కొండ దగ్గరకి ఏదో ఒకటి చేతపట్టుకుని వెళ్తారు. నువ్వు కనీసం వాళ్ల మాట వినడానికి చెవులు పట్టుకెళ్లు.

2019 మే నెలలో ఒక్క వానకి రోడ్డు కోసుకుపోయి వందలమంది ఆ కొండలో రాత్రంతా చిక్కుపడిపోయారు. అక్కడంతా జపాన్ కదా, ఏం కాదులే అనుకోకు.

ఇక పని సంగతి. తిరుగు టికెట్టు మార్చుకో. నాలుగు రాత్రులుండు. సముద్రం బాగోకపోతే పడవలు కూడా ఆగిపోతాయి, ఆ రోజులు చేతిలో ఉండాలి. జోమొన్ సుగికి రానూ పోనూ 22 కిలోమీటర్లు, పది గంటల నడక. ఒక్కడివే వెళ్లొద్దు, గైడుని మాట్లాడుకో. ఎవరెవరు ఏ దారిన వెళ్తున్నారో రాసిచ్చే కాగితం ఉంటుంది, అది నింపు. బస చేసిన చోట కూడా చెప్పి వెళ్లు. తలకి కట్టుకునే లైటు, పైకీ కిందికీ విడివిడిగా వానకోటు, పొడి బట్టలు ఒక జత. మధ్యాహ్నం భోజనం ముందు రోజే పొట్లం చెప్పించుకో. దారిలో కొట్లు లేవు. మరుగుదొడ్డి సంచీలు అమ్ముతారు, రెండు కొనుక్కో. పొద్దున్న పదింటికల్లా పట్టాల దారి చివరికి చేరకపోతే, ఎండ కాస్తున్నా సరే, అక్కణ్ణుంచే తిరిగి వచ్చెయ్. గైడు వెనక్కి అంటే మారుమాట్లాడకు. చెట్టు చూడాలనే ఉంటే కిగెన్ సుగి దగ్గరికి బస్సు వెళ్తుంది. మూడు వేల ఏళ్లంటారు, అదీ తక్కువది కాదు. మే, జూన్, జులైల్లో నగతా తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట అక్కడివాళ్లతోనే వెళ్లు, ఫోను లైటు వెయ్యకు.

అదనపు రోజులకయ్యే డబ్బు నీ ఖాతాలో వేయించాను. నాకు తిరిగివ్వక్కర్లేదు. కొండెక్కిన రోజు కిందికి దిగగానే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, ముందు తనకి, తర్వాత నాకు. ఆదివారం లోపు టికెట్టు మార్చి, కొత్త తేదీలు చెప్పు.

పెద్దమ్మ