మూలనున్న నేల ఎవరిది?

ధ్యానవాక్యము: నిర్గమకాండము 23:11



ఏడవ సంవత్సరమున పొలమును బీడుగా విడువవలెనని ప్రభువు ఇశ్రాయేలీయుల కాజ్ఞాపించెను. ఆ బీటిలో మొలచినది మొదట బీదలు తినవలెను. వారు మిగిల్చినది అడవిమృగములకు చెందవలెను. బీదవానిని తలంచిన ధర్మశాస్త్రమే మృగమును కూడ తలంచినది. పొలము మన స్వాధీనమైనను అందు పండినదంతయు మనది కాదని దీని భావము.

చేవెళ్ల మీదుగా మన వికారాబాదు వైపు వచ్చు రోడ్డు ప్రక్కన సుమారు 900 పాత మర్రిచెట్లు నిలిచియుండెను. రోడ్డు వెడల్పు కొరకు వాటికి ముప్పు రాగా, 2021లో కొందరు జాతీయ హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. చెట్టుకొరకు ఇంత శ్రమ యేల? ఒక మర్రి కాపు ముగిసిన వేళ మరియొకటి కాయును. తక్కిన చెట్లు ఎండిన దినములలోను పక్షులకు, ఉడుతలకు, గబ్బిలములకు అక్కడ బోజనము దొరకును.

మన ప్రార్థనాలయముల యొద్ద మనమేమి చేయుచున్నాము? ఆవరణమంతయు తాండూరు నాపరాయి పరచి, రెండు క్రోటను కుండీలు పెట్టి, శుభ్రముగా నున్నదని సంతోషించుచున్నాము. రాయి పరచుట తప్పు కాదు; వానకాలమున బురద లేకుండ కూర్చుండవలెను గదా. అయినను ఒక మూల మట్టిని మట్టిగానే విడువరాదా? తంగేటి ఆకు తిని సీతాకోకచిలుకల పిల్లలు పెరుగును. కరివేపాకు మీద పురుగు కనబడగానే మనము నలిపివేయుదుము. కొన్ని దినములు ఓర్చుకొనిన అదియే నల్లని సీతాకోకచిలుక యగును. పురుగును చంపి సీతాకోకచిలుక రాలేదని చింతించి ప్రయోజనమేమి?

“పక్షులు మన గింజలు తినవా?” అని మీరడుగవచ్చును. తినును. జొన్నచేను కావలి కాచిన వారికి ఆ కష్టము తెలియును. అయితే 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కందిని తలంచుడి. ఆ పూతకు తేనెటీగలు వచ్చును. కాయతొలుచు పురుగును గోరింకయు, పసులపోలిగాడును ఏరి తినును. చేను కాచుకొనుట న్యాయమే. గట్టుమీది చెట్టును కొట్టి మనకు పనిచేయువారినే వెళ్లగొట్టుట నష్టము.

దేవుడు నరుని తోటలో నుంచినప్పుడు రెండు పనులు అప్పగించెనని ఆదికాండము 2:15లో చదువుచున్నాము: సేద్యము చేయుట, కాపాడుట. మొదటి పని మన తండ్రులు మనకు నేర్పిరి. రెండవది మనము మన పిల్లలకు నేర్పవలసియున్నది.

కాబట్టి ఈ తొలకరికి ప్రతి సంఘము ఆవరణములో గాని సమాధుల దొడ్డిలో గాని ఒక మూలను ప్రత్యేకించవలెను. సర్కారు తుమ్మను పెరికి, కానుగ, మోదుగ, నేరేడు నాటుడి. వాటి ప్రక్కన తంగేడు వేయుడి. మేకలు మేయకుండ ముళ్లకంచె కట్టుడి. సండేస్కూలు పిల్లలు వంతులవారీగా నీరు పోయవలెను. రాలిన ఆకులను కాల్చక చెట్టు మొదటనే వేయుడి. ఎండకాలమున మట్టిమూకుడులో నీళ్లుంచుడి. దీనికి చందా పుస్తకము అక్కరలేదు.

ఆవగింజ పెరిగి చెట్టైనప్పుడు ఆకాశపక్షులు దాని కొమ్మలలో నివసించెనని మన ప్రభువు చెప్పెను (లూకా 13:19). తన రాజ్యమును పోల్చుటకు ఆయన పక్షులు చేరిన చెట్టునే ఎన్నుకొనెను. మన మందిరపు నీడలోను అవి చోటు కనుగొనునట్లు ఆయన మనకు మనస్సును ఓపికను దయచేయును గాక. ఆమేన్.