పెళ్లి కాగితం లేని ముత్తాత

పూర్వీకులు మనకేమవుతారు? వాళ్లు చేసిన గొప్ప పని మన ఖాతాలో పడుతుందా? పడితే, వాళ్లు చేసిన అన్యాయం ఎవరి ఖాతాలో పడాలి? మన మీటింగుల్లో ఈ ప్రశ్న ఎత్తితే సగంమంది నవ్వేస్తారు. మూడో తరం పేరడిగితే తడుముకునేవాళ్లం, మనకు వంశాల గొడవెందుకంటారు. గొడవ ఉంది. అమెరికాలో ఒక నల్లమనిషికి జరిగింది చెప్తే అదెక్కడుందో తెలుస్తుంది.

ఆయన పేరు డుబాయిస్. మనకు కొత్తవాడేం కాదు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈయనకే. అమెరికా నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని, అంటరానివాళ్లం మేమూ ఆ దారి ఆలోచిస్తున్నామని రాశాడు. డుబాయిస్ జవాబు కూడా ఇచ్చాడు. నేను చెప్పబోయేది అంతకు చాలా ముందటి సంగతి.

అమెరికాలో 1889లో ఒక సంఘం పుట్టింది. సన్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ అంటారు. విప్లవ పుత్రులు అనుకుందాం. మరుసటి ఏడు ఆడవాళ్లకు అట్లాంటిదే ఇంకోటి వచ్చింది. ఇంగ్లండు రాజు మీద అమెరికా వలసలు తిరగబడ్డ యుద్ధంలో మీ పూర్వీకుడు పోరాడి ఉంటే, లేదా సాయపడి ఉంటే, మీరు చేరొచ్చు. కాకపోతే ఆయన దగ్గర్నుంచి మీదాకా పుట్టుక, పెళ్లి, చావు రుజువులతో తరం తరానికీ గొలుసు కట్టి చూపాలి.

డుబాయిస్ తల్లికి ముత్తాత టామ్ బర్ఘార్ట్. ఆఫ్రికాలో చిన్నప్పుడే పట్టుకొచ్చి మసాచుసెట్స్ రాష్ట్రంలో డచ్చి సంతతి బర్ఘార్ట్ కుటుంబం దగ్గర బానిసను చేశారు. వాళ్ల ఇంటిపేరే ఇతనికి ఇంటిపేరయింది. ఈ టామ్ పేరు 1780లో ఆ ప్రాంతపు దళం జీతాల పట్టీలో సిపాయిగా ఉంది. అది చూపించి డుబాయిస్ 1908లో విప్లవ పుత్రుల్లో చేరాడు. మసాచుసెట్స్ శాఖ చేర్చుకుంది. జాతీయ కార్యాలయం మాత్రం టామ్ తల్లిదండ్రుల పెళ్లికి రుజువేది, టామ్ పుట్టుకకు కాగితమేది అని అడిగి సభ్యత్వం నిలిపేసింది. ఎత్తుకొచ్చిన పిల్లోడికి పుట్టిన సర్టిఫికెట్టు!

ఆ కాగితం ఎందుకు లేదో చూడాలి. వర్జీనియా వలసలో 1662లో ఒక చట్టం చేశారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. ఇంగ్లండులో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. ఇక్కడ దాన్ని తిరగేశారు. దాంతో దొర తన బిడ్డను తనే ఆస్తిగా రాసుకునే వీలు దొరికింది. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసల పెళ్లిని చట్టం పెళ్లే అనలేదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టీ ఉండేది. అందులో యజమాని పేరుంటుంది, కింద వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి. మనిషి పేరు ఉండదు. విముక్తి తర్వాత 1870 లెక్కల్లోనే వాళ్లకు పేర్లొచ్చాయి. నల్లవాళ్లు తమ వంశాన్ని వెనక్కి వెతుక్కుంటూ పోతే చాలా కుటుంబాలకు 1870 దగ్గర గోడ తగులుతుంది. గోడ దాటాలంటే యజమాని వీలునామాలు, అమ్మకం కాగితాలు, అప్పుల పద్దులు చూసుకోవాలి. అంటే తాతల్ని వెతకడానికి వాళ్లను అమ్మినోడి ఇంటికే పోవాలి.

నేను బళ్లో జూన్ నెల అడ్మిషన్లు రాస్తాను. తండ్రి పేరు గడి దగ్గర తల వంచుకునే తల్లులు ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. తండ్రి పేరు ఎక్కడ అడగాలో, ఎక్కడ అడగకూడదో లోకం తన లాభాన్ని బట్టి నిర్ణయించుకుంటుందని ఆ 1662 చట్టం చదివాక నాకు రూఢి అయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. జెఫర్సన్ 1776లో మనుషులంతా సమానమని ప్రకటన రాశాడు. జీవితం మొత్తంలో ఆరువందల మందికి పైగా బానిసలు ఆయన సొత్తు. అందులో ఒకామె శాలీ హెమింగ్స్. నా తండ్రి జెఫర్సనేనని ఆమె కొడుకు మాడిసన్ 1873లోనే పత్రికకు చెప్పాడు. నూరేళ్లకు పైగా పెద్ద పెద్ద చరిత్రకారులు ఆ మాటను తోసిపారేశారు. 1998లో రక్తపరీక్ష జెఫర్సన్ మగ వారసత్వానికీ ఆమె చిన్న కొడుకు సంతతికీ సంబంధముందని తేల్చింది. మాంటిసెల్లోలోని ఆయన ఇంటిని చూసుకునే సంస్థ 2000లో ఒప్పుకుంది. ఆ కుటుంబ శ్మశానం మీద హక్కున్న వారసుల సంఘం మాత్రం 2002లో శాలీ సంతతిని చేర్చుకునేది లేదని ఓటేసింది. తాత రాసిన ప్రకటన కావాలి, తాత కన్న పిల్లలు వద్దు.

బానిసత్వం సంగతి ఎత్తితే ఇలాంటి వారసులు తరచుగా చెప్పే జవాబు ఒకటుంది. అప్పుడు మేం పుట్టలేదు గదా అని. ఆ మాట మనకూ అలవాటే. రిజర్వేషన్ల మీద మాటొచ్చినప్పుడల్లా స్టాఫ్ రూముల్లో వినేదే. మా తాతలు చేసినదానికి మేమెందుకు బాధ్యులం అంటారు. తాత చెక్కిన మాన్యం, తాత కట్టిన మిద్దె, తాత చదువు ఇచ్చిన నాలిక మాత్రం పుట్టకముందే వాళ్లవయ్యాయి. నేననేది ఒక్కటే. పూర్వీకులతో మాకేం సంబంధం లేదు అనేవాడు అన్నీ వదిలి అనాలి. అప్పుడు ఆ మాటకు నేనూ చెయ్యెత్తి దండం పెడతా.

మా సంగతి వేరు. మా తాతకు డి-ఫారం పట్టా కింద ఎకరా ముప్పై సెంట్లు ఇచ్చారు. పట్టాలో కోటయ్య అని ఉంది. చర్చిలో ఆయన యోహాను, చావు సర్టిఫికెట్టులో కూడా అదే పడింది. ఆయన పోయాక నాయన పేరు మార్పుకు పోతే, కోటయ్యా యోహానూ ఒక మనిషేనని రుజువేంది అన్నారు. పేటలో ఇద్దరు పెద్దమనుషుల్ని తీసకపోయాడు. నోటిమాట చెల్లదన్నారు. నాయన తిరుగుతూనే ఉన్నాడు. గట్టు పక్క ఆసామి ఏటా రెండు చాళ్లు లోపలికి దున్నుతూనే ఉన్నాడు.

రుజువు ఉంది. మా పేట చర్చి పుస్తకంలో కోటయ్య అనబడే యోహాను అని సిరాతో రాసి ఉంది. కరువు కాలంలో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కంట్రాక్టు తీసుకుని మావాళ్లకు కూలి చూపించాడు. మా తాతకు తాత ఆ కాలవ తవ్వినోడేనని, ఆ ఏట్లో మునిగినోడేనని మా జేజి చెప్పేది. ఆ తర్వాత పేట పేటకూ పుస్తకాలొచ్చాయి. గాడు అనే తోక లేకుండా మా పేర్లు రాసిన మొదటి పుస్తకాలు మా ఎరికలో అవే. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం పెట్టింది రోజర్ విలియమ్స్, 1638లో, మసాచుసెట్స్ వలస నుంచి వెలివేస్తే పోయి ప్రావిడెన్సులో. వెలివాడోళ్లకు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆ లెక్కన మాకూ అమెరికాలో వలసకాలపు పూర్వీకుడు ఉన్నాడు, నవ్వుకోండి.

ఆ పుస్తకాన్ని నాయన ఆఫీసులో చూపలేడు. చూపితే తాత క్రైస్తవుడని తేలుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడు బయటే ఉన్నాడు. భూమి కోసం పుస్తకం తెరిస్తే కులం సర్టిఫికెట్టు మీదికొస్తుంది. మా పేటలో ఆ పెట్టె తాళం తీయమని ఎవరూ అడగరు.

డుబాయిస్ ఆ తెల్లోళ్ల సంఘంలో కూర్చోవాలని ఎందుకు పోయాడని కొందరు విద్యార్థి మిత్రులు నన్ను అడిగారు. ఆయన గుర్తింపు కోసం దేబిరించాడని నేననుకోను. టామ్ జీతాల పట్టీలో ఉన్నాడు. ఉన్నవాణ్ణి ఉన్నాడనమని అడిగాడు. అది లెక్క అడగడం. 1977లో ఆడవాళ్ల సంఘం మొదటి నల్ల సభ్యురాలిని చేర్చుకుంది. 2008లో అదే సంఘం విప్లవ యుద్ధంలో పాల్గొన్న నల్లవాళ్ల, రెడ్ ఇండియన్ల పేర్లు వేలల్లో అచ్చేసింది. 1939లో మరియన్ ఆండర్సన్ అనే గొప్ప గాయనిని నల్లదని తమ హాల్లో పాడనివ్వని సంఘమే అది. చేర్చుకోవడం మంచిదే. అయితే ఆ పేర్లు ఇన్నాళ్లూ ఎవరి బీరువాల్లో ఉన్నాయి?

డుబాయిస్ ఇంట్లో ఇంకో రుజువుంది. ఆయన తాతకు నాయనమ్మ, ఆఫ్రికా నుంచి తెచ్చిన ఆడమనిషి, బిడ్డను మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒక పాట పాడేదట. మాటలకు అర్థం ఎవరికీ తెలియదు. పిల్లలు వాళ్ల పిల్లలకు, వాళ్లు వాళ్ల పిల్లలకు పాడుతూ వచ్చారు. 1903లో డుబాయిస్ దాన్ని పుస్తకంలో అచ్చేశాడు.

మన తెలంగాణలో డక్కలివాళ్లు అదే పని చేస్తారు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు, జాంబవుడి దగ్గర్నుంచీ, కథగా పాడతారు. వాళ్లను మావాళ్లు ఇంట్లోకి రానివ్వరు, అడుక్కునేవాళ్లంటారు. మా వంశం గుర్తుపెట్టుకున్న మనుషులకు వాకిలి అవతల అన్నం పెడతాం. దీని గురించి మనవాళ్లు రాయాలి. నేను వాళ్లతో కూర్చుని వినడం మొదలుపెట్టాను.