క్షమయా? గౌరవమా?

వ్యాధిగ్రస్తుడొకడు దేవాలయము ముంగిటనో, మఠము ముంగిటనో వచ్చి నిలిచినప్పుడు ధర్మపరులు అతనికి మొదట ఈయవలసినది ఏమి? అన్నమా, ఔషధమా, ఉపదేశమా? ఈ మూడింటిని గూర్చి పెద్దలు చాల చెప్పియున్నారు. కాని కొన్ని వ్యాధులు కలవు. వానితో వచ్చినవానికి లోకము ఈ మూడింటికన్న ముందుగా మరియొకదానిని ఈయజూచును. అది క్షమ. “జరిగినదేదో జరిగినది, భగవంతుడు నిన్ను క్షమించును, లోనికి రమ్ము” అని పిలుచును. వినుటకు ఇది మృదువుగనే యుండును. పిలుచువాని హృదయమున నిజమైన దయయే యుండవచ్చును. అయినను ఆ పిలుపులో ఒక తీర్పు దాగియున్నది. క్షమించువాడు ముందుగా నేరమును నిర్ణయించుకొన్నవాడు. విచారణ జరుగలేదు, సాక్ష్యము లేదు, ముద్దాయి నోరు విప్పలేదు. తీర్పు మాత్రము ముగిసినది.

హెచ్.ఐ.వి. అట్టి వ్యాధులలో మొదటిది. రక్తము మూలమునను, స్త్రీపురుష సంపర్కము మూలమునను, గర్భమునందో ప్రసవకాలమునందో స్తన్యము ద్వారానో తల్లినుండి బిడ్డకును ఈ వైరసు సోకును. అది దారిని మాత్రమే ఎరుగును. ఆ దారిన వచ్చినవాని పాపపుణ్యములను ఎరుగదు. మనుష్యులు మాత్రము దారిని చూచి మనిషిని నిర్ణయించిరి. మన దేశమున ఈ వ్యాధి ఉనికి 1986లో చెన్నపట్టణమున తొలిసారిగా బయటపడినది. నాటినుండి ఇక్కడ వినవచ్చిన మాట “కర్మఫలము”. అదే కాలమున ఆఫ్రికా ఖండమునందు పలు ప్రార్థనామందిరములలో వినవచ్చిన మాట “దైవశిక్ష”. మతములు వేరు, భాషలు వేరు, వాక్యము ఒక్కటే.

ఈ వాక్యముతో మతసంస్థలు ముఖాముఖి తలపడవలసి వచ్చిన దేశము ఉగాండా. 1980 దశకపు తొలి సంవత్సరములలో విక్టోరియా సరస్సు తీరమునందలి రాకాయి ప్రాంతమున మనుష్యులు చిక్కిశల్యమై మరణించుచుండిరి. జనులు దానిని “స్లిమ్” అనిరి; కృశింపజేయు జబ్బు అని భావము. మరణించినవారిలో అధికులు యౌవనమున నున్నవారు, అనగా పసిపిల్లల తలిదండ్రులు. ఊళ్లలో మనుమలను పెంచు అవ్వలును, తమ్ములను పెంచు అన్నలును మిగిలిరి. ఆ దేశమున వైద్యశాలలు పెక్కింటిని క్రైస్తవ సంఘములే నడుపుచుండుటచే రోగులు వచ్చి వారి గడపయందే నిలిచిరి. 1987లో కంపాలాలోని ఎన్సాంబ్యా వైద్యశాలనుండియు, మసాకా సమీపమున నున్న కిటోవు వైద్యశాలనుండియు కాథలిక సన్యాసినులు రోగుల ఇండ్లకే పోయి సేవచేయ మొదలిడిరి. కొన్ని యేండ్లకు ఉగాండా ఇస్లామిక వైద్యసంఘము ఇమాములకు శిక్షణ యిచ్చి ఇంటింటికి పంపెను. చేతులు సేవ చేయుచునే యుండెను. పెదవులు మాత్రము చాలకాలము “శిక్ష” అనుట మానలేదు.

ఆ మాట ఒక మతాచార్యుని ఇంటనే పరీక్షకు వచ్చినది. గిడియాన్ బ్యాముగిషా ఆంగ్లికన్ సంప్రదాయమునకు చెందిన ఉగాండా క్రైస్తవాచార్యుడు. 1991లో ఆయన భార్య మరణించెను. ఇంట చిన్న కుమార్తె కలదు. 1992లో పరీక్ష చేయించుకొనగా తనయందును ఆ వైరసు కలదని తెలిసెను. దాచియుంచుట సులభము; దాచుటయే నాటి లోకరీతి. ఆయన దాచలేదు. తన స్థితిని బహిరంగముగా ప్రకటించిన తొలి ఆఫ్రికా మతాచార్యుడుగా ఆయనను పేర్కొందురు. వేదికపై నిలిచి “శిక్ష” అని పలుకవలసిన నోరు ఇప్పుడు ఆ శిక్షకు పాత్రుడనబడు మనుష్యునిది. ఆయనను క్షమించువారెవరు? దేనికి క్షమింపవలెను? 1995లో ఆయన ఇదే వ్యాధితో జీవించుచున్న ఒక వితంతువును వివాహమాడెను. వైద్యుల సహాయమున వారికి ఈ వ్యాధి సోకని బిడ్డలు కలిగిరి. వ్యాధి సోకిన మతాచార్యులను కూడగట్టి ఆఫ్రికా అంతట ఒక సంఘమును ఏర్పరచుటలో ఆయన ముఖ్యుడు. 2009లో జపాను దేశపు బౌద్ధసంస్థ యొకటి తన నివానో శాంతి బహుమానమును ఈ క్రైస్తవాచార్యునకు ఇచ్చినది.

ఇచట సజ్జనులు సైతము చిక్కుకొను ఉచ్చు ఒకటి కలదు. అందరిని నిందించుట తగదని ఒప్పుకొనిన పిమ్మట వారు రోగులను రెండు వరుసలుగ విడదీయుదురు. భర్తవలన వ్యాధిని పొందిన ఇల్లాలు నిర్దోషి, గర్భమునందే పొందిన బిడ్డ నిర్దోషి. తక్కినవారి మాట వేరు. ఈ విభజన న్యాయముగనే కనబడును. కాని దాని ఫలమేమి? తొలి వరుసలో నిలువగోరిన ప్రతి తల్లియు తన భర్తపై సాక్ష్యము చెప్పవలసి వచ్చును. మృతుడైన ఆ భర్తయే ఆమె బిడ్డలకు తండ్రి. తల్లికి అన్నము పెట్టుటకై తండ్రిని దోషిగా నిలుపు ధర్మము ఆ బిడ్డలకు ఏమి నేర్పును? అదియును గాక, రెండవ వరుస యున్నంతకాలము మొదటి వరుసయందలివారికి నిద్ర పట్టదు. ఏనాడు ఎవరు వచ్చి ఏ ప్రశ్న వేయుదురో యను భయము వారిని విడువదు.

కర్మసిద్ధాంతమును నమ్మువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను. కర్మగతి మానవబుద్ధికి అందనిదని ఆ సిద్ధాంతమును బోధించినవారే అంగీకరింతురు. అందనిదానిని ఎదుటివాని శరీరముపై చదివి చెప్పబూనుట పాండిత్యము కాదు, సాహసము. ఆ సిద్ధాంతము మనుష్యుడు తనను తాను ప్రశ్నించుకొనుటకు ఏర్పడినది: నేడు తాను చేయదగినది ఏమి, తన చేతిలో నున్నది ఏమి? దానిని తనపై ప్రయోగించుకొన్నవాడు ధీరుడగును. ఇరుగుపొరుగులపై ప్రయోగించినవాడు క్రూరుడగును. ఒకవేళ రోగికి వచ్చిన బాధ అతని పూర్వకర్మయే యనుకొందము. అతడు వచ్చి నిలిచినది తన గడపయందే యగుట గృహస్థుని కర్మ కాదా? ఆ రెండవ లెక్కను ఎవరును వేయుట లేదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు; అది తేలికైనది కాదు. నిందయే లేనిచో నీతి సడలదా? శిక్షాభయము పోయినచో సంయమము నిలుచునా? అనుభవమునుబట్టి చెప్పదగిన సమాధానము మొదటిది: నిందకు భయపడినవారు సంయమమును నేర్వలేదు, పరీక్షను తప్పించుకొనిరి. పరీక్ష లేనిచో చికిత్స లేదు. చికిత్స లేనిచో భార్యకు, బిడ్డకు వ్యాధి సోకును. కనుక నింద తాను సాధింపదలచిన దానినే చెరచినది. అయితే ఈ సమాధానముతో ఆగుట చాలదు. నింద ఫలించియుండినచో అది ధర్మమగునా యని ఎవరైన అడుగవచ్చును. దీనికి సమాధానము క్షమకు, గౌరవమునకు గల భేదమునందున్నది. క్షమించువాడు ఎదుటివాని గతమును అడుగును. గౌరవించువాడు రేపటి పనిని అడుగును: పిల్లల బడి యెట్లు, ఇంటి అద్దె యెట్లు, నీవు చేయగల పని యేది? బాధ్యతను అప్పగించుట నీతిని సడలించుట కాదు. నీతికి తిరిగి చోటు కల్పించుట.

కంపాలా తూర్పుభాగమున ఎంబుయా కొండపై నున్న కాథలిక దేవాలయమున 2001లో మొదలైన సేవ ఈ భేదమును కంటికి కట్టించును. చుట్టుపట్ల పేదబస్తీలలోని రోగులకు మందులిచ్చుటతో ఆ సేవకులు తృప్తిపడలేదు. వ్యాధితో జీవించుచున్నవారినే, అందు స్త్రీలను విశేషముగ, కార్యకర్తలుగ తీసికొనిరి. వారు ఇతర రోగుల ఇండ్లకు పోయి, మందుబిళ్లలు వేళకు వేసికొనుచున్నారో లేదో చూచి, పొయ్యి వెలిగినదో లేదో కనుగొని వత్తురు. కుట్టుపని నేర్పు శాల ఒకటి వెలసినది. చిన్న వ్యాపారములకు అప్పులు, పిల్లలకు చదువు ఖర్చులు ఏర్పాటైనవి. నిన్న పడుక మీదనుండి లేవలేని తల్లి నేడు మరియొక తల్లి పడుక ప్రక్కన కూర్చుండినది. “నీవును లేతువు” అని ఆమె చెప్పినప్పుడు అది ఉపదేశము కాదు, సాక్ష్యము. ఏ పండితుడును ఆ మాటకు అంత బలము తేలేడు.

తలిదండ్రులకు ఈ వ్యాధియందలి కఠినతమమైన పని శరీరబాధను ఓర్చుట కాదు, బిడ్డకు చెప్పుట. ఈ విషయమున ఉగాండా స్త్రీలు చేసిన ఒక కార్యము ప్రసిద్ధము. వ్యాధితో జీవించుచున్న స్త్రీల సంఘమొకటి (అది మతసంస్థ కాదు, అయినను చెప్పక తప్పదు) 1990 దశకమున తల్లులచేత “జ్ఞాపకాల పుస్తకము” వ్రాయించినది. తాము మరణించిన పిమ్మట పిల్లలకు మిగులుటకై వారి వంశము ఏది, పుట్టిన రోజున వాన కురిసెనా, తొలిమాట యేది, తండ్రి స్వభావమెట్టిది యనునవి అందు వ్రాయుదురు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయుచుండగా వ్యాధి మాటయు దానంతట వచ్చును. దాచినంతకాలము బిడ్డ తన తప్పువలననే తల్లి నీరసించుచున్నదని ఊహించుకొనుచుండును. చెప్పిన పిమ్మట ఏడ్చును, మరల తల్లి చేయి పట్టుకొనును. పిల్లలను ఎవరి ఇంట ఉంచవలెనో వారితోనే ఆలోచించుటకు వీలుకలిగినది. మందులు అందిన పిమ్మట ఎందరో తలిదండ్రులు, మరణమునకై వ్రాసినదానిని తామే పిల్లలతో కూర్చుండి చదువుకొనగల స్థితి వచ్చెను.

మందుల మాట వచ్చినది గనుక ఒకటి స్పష్టముగ చెప్పవలెను. ప్రార్థనచే వ్యాధి పోయినది, మందులు మానుడని చెప్పిన బోధకులు ఉగాండాలోను ఇతరదేశములలోను ఉండిరి. వారిని నమ్మి మానినవారు నశించిరి. ఇది విశ్వాసము కాదు, విశ్వాసపు పేర జరిగిన హింస. ఈ వ్యాధికి నేటివరకు నిర్మూలనము లేదు. నిత్యము మందు వాడినచో మాత్రము అది అణగియుండును. రక్తమున కనబడనంతగ అణగినప్పుడు అది దాంపత్యము ద్వారా సోకదు. చికిత్స లేని తల్లినుండి బిడ్డకు సోకు అవకాశము నూటికి 15 నుండి 45 వరకు నుండగా, చికిత్సతో అది 5కు లోబడును. 1990 దశకాంతమున ఈ మందుల ఖరీదు ఏడాదికి పదివేల డాలర్లకు పైబడియుండెను. 2001 ఫిబ్రవరిలో ముంబయి నగరపు సిప్లా సంస్థ ఏడాదికి 350 డాలర్లకే ఈయగలమని ముందుకు వచ్చినది. ఆఫ్రికా తల్లుల ప్రాణములలో మన దేశపు కర్మాగారముల పాలు ఇట్లు కలదు. మరల 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము విదేశసహాయమును నిలిపివేయగా, ఉగాండాతో సహా అనేక దేశములలో చికిత్సాకేంద్రముల పని తారుమారైనది. ప్రాణరక్షక ఔషధములకు కొంత మినహాయింపు పిదప వచ్చినది. పొరుగువాని ప్రేమ ఎంత గొప్పదైనను మందుబిళ్లను తయారుచేయలేదు. బిళ్ల ఎంత గొప్పదైనను, దానిని మ్రింగి బ్రతుకవలెనను కోరికను పుట్టింపలేదు.

మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఉచితముగ చికిత్స నిచ్చుచున్నది. వ్యాధి అధికముగనున్న ఆరు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో చేయబడి 2018 సెప్టెంబరునుండి అమలునకు వచ్చిన చట్టము ఉద్యోగమునందు, విద్యయందు, నివాసమునందు వివక్షను నిషేధించినది. అందొక విశేషము కలదు: వ్యాధిపీడిత కుటుంబమును నడుపుచున్న పండ్రెండేండ్లు దాటిన బాలుడుగాని, బాలికగాని తగిన పరిణతి యున్నచో తమ చిన్న తోబుట్టువులకు సంరక్షకులుగ నిలువవచ్చును. ఎన్ని ఇండ్లలో పిల్లలే పెద్దలైనారో శాసనకర్తలకు తెలిసియేయుండును.

అద్దె ఇంటినుండి వెడలగొట్టరాదని చట్టము చెప్పగలదు. దేవాలయమున ఉత్సవదినమున ఏమి జరుగవలెనో అది చెప్పదు. వ్యాధిగల తల్లి బిడ్డలతో వచ్చినప్పుడు అన్నదానపు పంక్తిలో ఆమెకు విస్తరి వేయువారు నేడు మన గ్రామములలో చాలమంది కలరు, అది సంతోషింపదగినదే. వండినవారి చేతినుండి అన్నము ద్వారా ఈ వ్యాధి సోకదని వైద్యులు చెప్పి దశాబ్దములు గడచినవి. అయినను ఆమె వంటశాలలోనికి వచ్చి, కొంగు బిగించి, గరిటె అందుకొనబోయినప్పుడు చుట్టునున్నవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ఎవరో వచ్చి, “నీకెందుకమ్మా శ్రమ, నీవు కూర్చుండుము” అని ఎంతో ప్రేమతో ఆ గరిటెను ఆమె చేతినుండి తీసికొందురు.