నింద ఎవరు మోయవలెను?

పిల్లలు లేని యింటిలో ప్రశ్న మొదట ఎవరిని అడుగుదురు? నల్లగొండలోనైనను, పాలమూరులోనైనను కోడలినే అడుగుదురు. శారా, రాహేలు, హన్నా సంతానము లేక దుఃఖపడిన సంగతి మనము చిన్ననాటినుండి వినియున్నాము గనుక, లోపము స్త్రీదే అని తలంచుటకు అలవాటుపడితిమి.

అయితే లోపము పురుషునిలోను ఉండవచ్చును. దానికి ఒక కారణము బీజములకు వచ్చు కాన్సరు. ఇది అరుదైన వ్యాధియే గాని, 15 మొదలు 40 ఏండ్లలోపు యువకులనే ఎక్కువగా పట్టును. నొప్పిలేని గట్టి గడ్డ తరచుగా దాని మొదటి గురుతు. దానిని వరిబీజమనుకొని, సిగ్గుచేత ఎవరికిని చెప్పక నెలలు గడుపువారు కలరు. ఆ సిగ్గు ప్రాణమునకే అపాయము. ఏలయనగా త్వరగా చూపించుకొనినయెడల ఈ వ్యాధి చాలవరకు నయమగును. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన పాలమూరు ఒకటి. కాన్సరు చికిత్స ఆ పథకములో చేరియున్నది.

చికిత్సలో వ్యాధి సోకిన బీజమును తీసివేయుదురు. రెండవది బాగుగానున్నయెడల సంతానమునకు అది ఒక్కటియే చాలును. అయితే మందులవలనను కిరణములవలనను వీర్యకణములు తగ్గిపోవచ్చును. అనేకులకు కొన్ని ఏండ్లలో తిరిగి కలుగును, కొందరికి కలుగవు. ఎవరి గతి ఏమగునో ముందుగా చెప్పజాలరు. అందుచేత మందు మొదలుపెట్టక మునుపే వీర్యమును భద్రపరచుకొనుమని వైద్యులు చెప్పుదురు. సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో అది ఏండ్ల తరబడి నిలుచును. అమెరికా సైకిలు పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో చికిత్సకు ముందు అట్లు చేసెను. 1999లో కుమారుడు పుట్టెను. 2009లో దాచినదాని అవసరము లేకయే మరియొక కుమారుడు కలిగెను. ఆసుపత్రిలో తండ్రియు మామయు ప్రక్కన నిలిచియుండగా యువకుడు ఈ సంగతి అడుగలేడు. పెద్దలారా, కొంచెముసేపు బయటికి వెళ్లుడి.

ఇప్పుడు కఠినమైన ప్రశ్న: ఇట్టి చికిత్స పొందినవాడు పెండ్లికి ముందు ఆ సంగతి చెప్పవలెనా? “చెప్పినయెడల పిల్లనెవరిత్తురు?” అని తల్లి భయపడును. ఆ భయము వట్టిది కాదు. అయినను దాచినంతమాత్రమున భారము తొలగిపోదు. అది ఏమియు ఎరుగని చిన్నదాని తలమీదికి మారును, అంతే. ఆమె ఆసుపత్రుల చుట్టు తిరుగును, మాటలు పడును, తుదకు పుట్టింటికి పంపబడవచ్చును. ఒకని గౌరవము కొరకు మరియొకరి బ్రతుకును వెలగా చెల్లించుట న్యాయమా? కాబట్టి చెప్పవలెను. అయితే చెప్పవలసినది పెండ్లికుమార్తెకు గాని ఊరికి కాదు. విన్నవారు ఆ మాటను బావికాడికిని సంఘములోనికిని మోసికొనిపోయినయెడల, నిజము చెప్పుటకు ఇకమీదట ఎవడు ధైర్యపడును? సత్యము చెప్పుట అతని ధర్మము, గుట్టు కాపాడుట మన ధర్మము.

పెండ్లియైన పిమ్మట పిల్లలు కలుగనియెడల భార్యాభర్తలిద్దరును కలిసి వైద్యునియొద్దకు పోవలెను. వీర్యపరీక్ష సులువైనది; దానిని మానుకొని భార్యనే పరీక్షలకు పంపుట అన్యాయము. సంతానము కలుగనేరదని తేలినను త్రోవ మూసికొనిపోదు. చాలకాలము క్రైస్తవులు 1890 నాటి చట్టము క్రింద బిడ్డకు సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగిరి. 2000లో బాలల న్యాయ చట్టము వచ్చి, 2006లో సవరింపబడిన తరువాత, ఏ మతస్థులైనను బిడ్డను దత్తత చేసికొనవచ్చును. 2014లో సుప్రీంకోర్టు దీనిని స్థిరపరచెను.

బిడ్డను కనుట మన చేతిలో లేకపోవచ్చును. నింద ఎవరిమీద వేయుదుమో, ఎవరిమీదనుండి తీసివేయుదుమో అది మన చేతిలోనే యున్నది. మీ యింట గొడ్రాలు అను మాట పలుకబడినప్పుడు ఊరకుండకుడి. భర్తలే మొదట నోరు తెరచి దానిని ఆపవలెను.